కెమెరా వెనక కళ తెలిసినవాళ్లకూ చోటివ్వండి: ప్రసార భారతి సీఈఓ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రసార భారతి సీఈఓ గారికి,



నేను జానపద కళల్లో పీజీ చేశాను. ఆ తర్వాత హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు నిర్మాణ సంస్థలో ఆరు నెలలు ఇంటర్న్‌గా పనిచేశాను. తెలుగువాళ్ల ప్రదర్శన కళల మీద ఒక శాటిలైట్ చానల్‌కు అరగంట ఎపిసోడ్లు తీసిచ్చే సంస్థ అది. పేరు ఇక్కడ అనవసరం. అక్కడ నేను చూసిన మంచీ చెడూ ఆ ఒక్క ఆఫీసువి కావు, ఈ రంగం మొత్తానివి. అందుకే ఉత్తరం వాళ్లకు కాక మీకు రాస్తున్నాను.

అడగదలచుకున్నది మొదటే అడిగేస్తాను. హైదరాబాద్, విజయవాడ దూరదర్శన్ కేంద్రాల్లో కళా కార్యక్రమాల నిర్మాణంలోకి ఏటా కొంతమంది కళల పట్టభద్రులను అప్రెంటిస్‌లుగా తీసుకోండి. స్టైపెండ్ ఇచ్చి తీసుకోండి. వాళ్ల చేత నిజమైన పని చేయించండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద డబ్బూ అక్కర్లేదు. ఎలాగో తర్వాత రాస్తాను. ముందు ఆ పనిలో ఏముంటుందో, అక్కడ కళ తెలిసిన మనిషి ఒకరుంటే ఏం తేడా వస్తుందో చెప్పనివ్వండి. ఢిల్లీ దాకా వచ్చేసరికి ఇదంతా ఒక ఫైలుగా మారిపోతుంది కదా.

మొదటి రోజుల్లో ఇంటర్న్‌లందరికీ పడే పనే నాకూ పడింది. షూటింగ్‌కు వచ్చే కళాకారుల బస్సు టికెట్లు, భోజనాల లెక్క, వోచర్ల మీద సంతకాలు, బ్యాటరీలు చార్జింగ్‌కు పెట్టడం. దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. తెల్లవారుజామున బయల్దేరిన బృందానికి దారిలో టిఫిన్ దొరక్కపోతే మధ్యాహ్నం షాట్లు ఎలా వస్తాయో చూశాక, ఇడ్లీ పొట్లాలు కూడా నిర్మాణంలో భాగమేనని ఒప్పుకున్నాను. తర్వాత లాగింగ్‌కు కూర్చోబెట్టారు. తీసిన ఫుటేజ్ మొత్తం చూసి, ఎన్నో నిమిషంలో ఏముందో టైమ్‌కోడ్‌తో సహా షీట్‌లో ఎక్కించాలి. ఎడిటర్ ఆ షీట్ చూసుకునే తనకు కావలసిన ముక్క తీసుకుంటాడు. చూసేవాళ్లకు విసుగు పుట్టించే పని, నాకు మాత్రం పండగ.

అంతకుముందు సీజన్‌లో తీసిన ఫుటేజ్ ఉన్న హార్డ్‌డిస్కులు కూడా నాకే అప్పగించారు. వాటిలో ఫోల్డర్ల పేర్లు ఇలా ఉన్నాయి: ‘బుర్రకథ ఫైనల్ 2’, ‘డప్పు బాగుంది’, ‘ముసలాయన పాట’. పాత లాగ్ షీట్లు తీస్తే ‘ముగ్గురు పాడుతున్నారు’, కింద ‘వైడ్’, దాని కింద ‘క్లోజ్’, ఆ తర్వాత ‘మళ్లీ ముగ్గురు’. ఆ ముగ్గురూ చెబుతున్నది బొబ్బిలి కథ. కోట కూలిన కబురు విని తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారంలోకి దూరే ఘట్టం. సరిగ్గా ఆ ఘట్టం కోసమే ఎడిటర్ వెతికి వెతికి, దొరక్క, మళ్లీ షూటింగ్ పెట్టుకుందామని వదిలేశాడు. ‘ముసలాయన పాట’ తెరిస్తే ఆయన చేతిలో కిన్నెర ఉంది. పాడుతున్నది పండుగ సాయన్న కథ. ఆయన పేరు ఎక్కడా లేదు. చివరికి అకౌంట్స్ గదిలో పాత వోచర్ల ఫైలు తీయించి, షూటింగ్ తేదీతో సరిచూస్తే, రెవెన్యూ స్టాంపు మీద వేలిముద్ర, పక్కన ఎవరో రాసిన పేరు, ఊరు, మండలం దొరికాయి. పారితోషికం చెల్లించడానికి అవసరమైన పేరు, పాటను భద్రపరచడానికి మాత్రం అవసరమనిపించలేదు. ఆ సంస్థలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. షీట్ నింపినవాళ్లకు అది కిన్నెర అని తెలియదు, అంతే.

బుర్రకథ షూటింగ్ రోజు సౌండ్ రికార్డిస్టు అలవాటు ప్రకారం కథకుడి అంగరఖాకు లేపల్ మైకు తగిలించబోయాడు. ఇంటర్వ్యూలకైతే అది చాలు. కానీ బుర్రకథ చెప్పే మనిషి ఒక్క చోట నిలబడడు. ముందుకు రెండడుగులు, వెనక్కి రెండడుగులు, గిర్రున ఒక తిరుగుడు. భుజాన తంబుర, వేలికి అందెలు, కాళ్లకు గజ్జెలు. లేపల్‌లో గుడ్డ రాపిడి, తంబుర తాకిడి తప్ప ఇంకేం పడదు. పైగా కథ ఆయనొక్కడిదే కాదు. పక్కన గుమ్మెటలతో నిలబడ్డ వంతలిద్దరిలో ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథకుడు ఊపిరి తీసుకునే చోటల్లా వాళ్లు అందుకుంటారు. ఊళ్లో జనం నవ్వేది వాళ్ల మాటలకే. కథకుడికి పైనుంచి బూమ్ పెట్టి, వంతలకు చెరో స్టాండు మైకు ఇస్తే మేలేమో అన్నాను. రికార్డిస్టు ఎంతో అనుభవం ఉన్నవాడు, నా మాట కొట్టిపారేయవచ్చు. హెడ్‌ఫోన్స్‌లో ఒక నిమిషం విని, ‘నిజమేనమ్మా’ అని మార్చేశాడు. ఎడిటింగ్‌లో మాత్రం నా మాట చెల్లలేదు. వంతల పలుకులు మళ్లీ మళ్లీ వస్తున్నాయి, ఎపిసోడ్ లాగుతోంది, కోసేయమని చానల్ నుంచి చెప్పారు. కోసేశారు. టీవీలో వచ్చిన బుర్రకథ చూస్తే ఒక మనిషి ఆగకుండా అరుస్తున్నట్టు ఉంది. షేక్ నాజర్ గారికి 1986లో పద్మశ్రీ తెచ్చిన కళ అది.

కూచిపూడి తరంగం మూడు కెమెరాలతో తీశాం. నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి, పాదాలతోనే పళ్లేన్ని లయకు కదిలిస్తుంది. చూడవలసింది పాదాలు. స్విచింగ్ చేసే ఆయనకేమో ముఖం క్లోజప్‌లంటే ఇష్టం. రిహార్సల్లో పళ్లెం కదిలినంతసేపూ మానిటర్ మీద కళ్లే ఉన్నాయి. అభినయం మొదలయ్యేసరికి వైడ్‌కు వెళ్లిపోయాడు. ఆయన్ని అనడానికేం లేదు, ఎప్పుడు ఏం వస్తుందో ఆయనకు చెప్పినవాళ్లు లేరు. నట్టువాంగం చేసే గురువుగారి పక్కన కూర్చుని ఒక క్యూషీట్ రాసుకొచ్చి ఇచ్చాను. జతి ఎక్కడ మొదలవుతుంది, ముక్తాయింపు ఎక్కడ పడుతుంది, పళ్లెం ఎక్కేది ఎప్పుడు, ఆ సమయానికి రెండో కెమెరా నేలకు ఎంత దగ్గరగా ఉండాలి. ఒక్క అరఠావు కాగితం. టేక్‌లో పాదాలు తెర మీదికి వచ్చాయి. కచేరీలదీ ఇదే కథ. మృదంగం తని ఆవర్తనం నడుస్తుంటే గాయకురాలు మంచినీళ్లు తాగడం చూపించే కార్యక్రమాలు మీరూ చూసే ఉంటారు.

తోలుబొమ్మలాట సంగతి వేరు. మాది ధర్మవరం. నిమ్మలకుంట మాకు పక్కనే. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించిన రోజు మా వీధిలో మగ్గాలు కాసేపు ఆగిపోయాయి. చిన్నప్పటి నుంచీ చూసిన ఆట కాబట్టి షూటింగ్‌కు చాలా ధీమాగా వెళ్లాను. లైటింగ్ వాళ్లు వచ్చీ రాగానే తెర ముందు రెండు పెద్ద లైట్లు నిలబెట్టారు. ముందు నుంచి వెలుగు పడితే తెర తెల్లగా మెరిసిపోతుంది, బొమ్మ కనబడదు. తోలు పలచగా గీకి, రంగులద్ది, చిల్లులు పొడిచేదంతా వెనక దీపం వెలుగు దాంట్లోంచి రావడానికే. ఆ లైట్లు తీయించాం. అయినా మానిటర్‌లో తెర మీద నల్లటి పట్టీలు కిందికీ పైకీ కదులుతున్నాయి. నాకు ఏమీ అర్థం కాలేదు. కెమెరామన్ షటర్ స్పీడు మార్చి, ‘మన కరెంటు యాభై హెర్ట్జ్, షటర్ యాభయ్యో వంతులో పెడితే ఈ బల్బులతో పేచీ ఉండదు’ అన్నాడు. పట్టీలు మాయమయ్యాయి. ఆయన దగ్గర అలాంటివి ఎన్ని నేర్చుకున్నానో. యుద్ధఘట్టంలో ఆటగాళ్లు కాళ్ల కింద చెక్కలు తొక్కి చేసే చప్పుడు కోసం తెర వెనక నేల మీద ఇంకో మైకు పెట్టించింది మాత్రం నేనే. పంచాయితీ వచ్చింది హాస్యపాత్రలైన కేతిగాడు, బంగారక్కల దగ్గర. రామాయణం మధ్యలో ఈ మొరటు హాస్యం ఏంటి, తీసేయమన్నారు. రాత్రంతా జనాన్ని మేలుకునేలా చేసేది కేతిగాడే అని చెప్పి చూశాం. నలభై సెకన్లు మిగిలాడు.

ఇవన్నీ నా గొప్ప చెప్పుకోవడానికి రాయలేదు. నాతో చదువుకున్నవాళ్లలో ఎవరిని అక్కడ నిలబెట్టినా ఇవే చెప్పేవాళ్లు. నేను చెప్పదలచింది ఇదే: షటర్ స్పీడు, టైమ్‌కోడ్, మూడు కెమెరాల మధ్య కటింగ్, ఇవి నెలల్లో పట్టుబడతాయి. ఏ కథలో ఏ ఘట్టం ఎలా నడుస్తుందో, వంత ఎక్కడ అందుకుంటుందో తెలియడానికి ఏళ్లు పడుతుంది. మన టీవీ మాత్రం యంత్రం వచ్చినవాళ్లను తీసుకుని, కళ వాళ్లకు అదే అబ్బుతుందని అనుకుంటోంది.

మీ సంస్థలోనే దీనికి తిరగేసిన పద్ధతి ఒకటి ఉండేది. 1948 డిసెంబర్ 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైంది. తెలుగు రేడియో అనగానే జనం నోట వచ్చే పేర్లు చూడండి. బాలాంత్రపు రజనీకాంతరావు, దేవులపల్లి కృష్ణశాస్త్రి, బుచ్చిబాబు, దాశరథి. కవులు, కథకులు, పాట కట్టగలవాళ్లు. వాళ్లను ఉద్యోగంలోకి తీసుకుని, స్టూడియో పని ఆ తర్వాత నేర్పించారు. రజనీ గారి భక్తిరంజనితో తెల్లవారిన ఇళ్లు ఎన్నో లెక్కలేదు. ఆకాశవాణి, దూరదర్శన్ రెండూ 1997 నుంచి మీ ప్రసార భారతి కిందివే కాబట్టి, ఆ ఆనవాయితీకి వారసులు మీరే.

బయటి ఉదాహరణ కూడా ఒకటి చెప్తాను, మన ప్రభుత్వ కార్యాలయాల్లో దానికి విలువ ఎక్కువ కదా. ఇంగ్లండ్ ఉత్తరాన విగ్టన్ అనే చిన్న ఊళ్లో పబ్ నడుపుకునేవాళ్ల అబ్బాయి మెల్విన్ బ్రాగ్. ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివి 1961లో బీబీసీలో జనరల్ ట్రైనీగా చేరాడు. జీతమిచ్చి పని నేర్పే ఉద్యోగం అది. హ్యూ వెల్డన్ నడిపే ‘మానిటర్’ అనే కళల కార్యక్రమంలో పని నేర్చుకున్నాడు. 1978లో ఐటీవీలో ‘సౌత్ బ్యాంక్ షో’ మొదలుపెట్టి దశాబ్దాల పాటు నడిపాడు. చిత్రకారుల మీద, సంగీతకారుల మీద, నాటకకర్తల మీద ఇంగ్లిష్ టీవీలో వచ్చిన మంచి పనిలో పెద్ద వాటా ఆ ఒక్క కార్యక్రమానిది. ఆ కుర్రాణ్ని జీతం లేకుండా ఏడాది లండన్‌లో ఉండమంటే ఉండగలిగేవాడా?

ఇక డబ్బు సంగతి. నాకు ఇస్తామన్నది సర్టిఫికెట్, అనుభవం. మూడో నెల నుంచి దారిఖర్చులకని మూడు వేలు ఇచ్చారు. కృష్ణానగర్‌లో నలుగురు ఉండే హాస్టల్ గదిలో మంచానికి ఆరు వేల ఐదు వందలు. మా నాన్న మగ్గం నేస్తాడు. పట్టుచీర కూలి మీద బతికే ఇంట్లో ఆరు నెలలు నెలకు పది వేలు అంటే ఎవరో ఒకరి దగ్గర వడ్డీకి తేవాలి. తెచ్చాడు. నా తరగతిలో నాకంటే చాలా బాగా బుర్రకథ చెప్పే అమ్మాయి ఉండేది, పల్నాడు వైపు నుంచి వచ్చింది. ఇద్దరం కలిసే దరఖాస్తు చేశాం, ఇద్దరినీ రమ్మన్నారు. స్టైపెండ్ లేదని తెలిశాక తను రాలేదు. ఇప్పుడు నరసరావుపేటలో ఒక సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తోంది. తన బదులు వచ్చినవాళ్లకు హైదరాబాద్‌లో సొంత ఇల్లుంది. మంచి పిల్లలే, కష్టపడ్డారు. వంత అంటే ఏమిటో మాత్రం నేను చెప్పాల్సి వచ్చింది.

మన కళలు ఎవరి ఇళ్లల్లో బతుకుతున్నాయో మీకు చెప్పాలా? జంగం కథలు బుడగ జంగాలవి. చిందు యక్షగానం చిందువాళ్లది. ఒగ్గు కథ కురుమ పూజారుల నుంచి వచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెరతో 2022లో పద్మశ్రీ అందుకున్న మొగిలయ్య గారు దక్కలి కులస్తులు. 1885 నుంచి నాటకాలాడుతున్న సురభి కుటుంబాల్లో రాత్రి వేషం వేసి పొద్దున కాలేజీకి వెళ్లిన పిల్లలున్నారు. ఈ ఇళ్ల నుంచి డిగ్రీ దాకా వచ్చే తరం ఇప్పుడిప్పుడే వస్తోంది. జీతం లేని ఇంటర్న్‌షిప్ అనే గడప దగ్గర ముందుగా ఆగిపోయేది వీళ్లే. ఎవరైతే ఆ ఫుటేజ్‌ను ఒక్క చూపులో గుర్తుపట్టగలరో, వాళ్లే ఆ గదిలోకి రాలేరు. ఆ తర్వాత మనం సభలు పెట్టి, జానపద కళలు అంతరించిపోతున్నాయని బాధపడతాం.

ప్రైవేటు చానళ్లను ఈ విషయంలో నిలదీయడం నాకు న్యాయంగా తోచదు. వాళ్ల లెక్కలు రేటింగులతో. పాటల పోటీలు నడుపుతున్నారు, అవీ జనం చూసేవే, వాటిలోనూ మంచి గొంతులు బయటికొచ్చాయి. వాళ్లు బుర్రకథకు అరగంట ఇవ్వడమే ఎక్కువ. మీ సంగతి వేరు. 1990 నాటి ప్రసార భారతి చట్టంలో 12వ సెక్షన్ మీ పనులేమిటో చెబుతుంది. దేశంలోని ప్రాంతాల భిన్న సంస్కృతులకు, భాషలకు తగిన కార్యక్రమాలతో చాలినంత చోటివ్వడం వాటిలో ఒకటి. యువతరం ప్రత్యేక అవసరాలను చూడడం కూడా అందులోనే ఉంది. మీకు ఇష్టమైతే చేసే పని కాదిది, పార్లమెంటు అప్పగించిన పని. వేదికల కొరత కూడా లేదు. కళలకు పెద్దపీట వేసే డీడీ భారతి 2002 జనవరి 26 నుంచి ఉంది. తెలంగాణకు యాదగిరి, ఆంధ్రకు సప్తగిరి ఉన్నాయి. 2024 నవంబర్‌లో గోవాలో ‘వేవ్స్’ ఓటీటీ మొదలుపెట్టారు. ఇన్ని తెరలకు సరుకు కావాలి.

చట్టం వైపు నుంచి చూద్దాం. అప్రెంటిస్‌ల చట్టం 1961 నాటిది. ఇంజినీరింగ్ పట్టభద్రులకు 1973 సవరణతో అందులో చోటు దొరికింది. మా లాంటి ఇంజినీరింగేతర పట్టభద్రులకు ఆ తలుపు 2014 సవరణతో తెరుచుకుంది. 2019లో మార్చిన నిబంధనల్లో పట్టభద్ర అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయలని రాశారు. ముప్పై మంది, అంతకు పైగా సిబ్బంది ఉన్న సంస్థలు మొత్తంలో రెండున్నర నుంచి పదిహేను శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలన్నదీ ఆ నిబంధనే. జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం కింద కనీస స్టైపెండ్‌లో సగం కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. మన రెండు రాష్ట్రాలకూ దాని కార్యాలయం చెన్నైలో ఉంది.

లెక్క వేసి చూడండి. ఒక్కో కేంద్రంలో పదేసి మంది, మొత్తం ఇరవై మంది, ఆ 9,000 చొప్పున ఏడాదికి 21,60,000 రూపాయలు. సగం కేంద్రం భరిస్తే మిగిలేది 10,80,000. రెండు జేబులూ ప్రభుత్వానివే అంటారా, సరే, మొత్తం 21,60,000 అనే అనుకుందాం. రెండు రాష్ట్రాల కళలకు అది ఎక్కువంటే నేనేం చెప్పలేను. 9,000తో హైదరాబాద్‌లో దర్జాగా బతకలేం. కానీ మంచం అద్దె, బస్ పాసూ, రెండు పూటల భోజనం గడుస్తాయి. మా నాన్న వడ్డీకి తేనక్కర్లేదు.

పిల్లలు దొరకరన్న భయం కూడా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. కామర్స్ వాళ్లు ఆడిటర్ల దగ్గరికి, కంప్యూటర్ వాళ్లు కంపెనీలకు పోతారు. సంగీతం, నృత్యం, నాటకం, తెలుగు సాహిత్యం చదివే పిల్లలు ఎక్కడికి పోవాలి? ఎవరో తెలిసినవాళ్ల ఆఫీసులో డేటా ఎంట్రీ చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లు నాకు తెలుసు. అంత చదువుకుని, ఎక్సెల్ షీట్లో కరెంటు బిల్లులు ఎక్కించి, ‘ఇంటర్న్‌షిప్ విజయవంతంగా పూర్తి’ అనిపించుకున్నారు.

తీసుకుంటే వాళ్ల చేత ఏం చేయించాలో కూడా చెప్తాను, అడగకపోయినా. ముందు ఆర్కైవ్‌లో కూర్చోబెట్టండి. 1975-76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపించిన సైట్ ప్రయోగం నాడే, ఢిల్లీ, కటక్‌లతో పాటు హైదరాబాద్‌లోనూ కార్యక్రమాలు తయారయ్యాయి. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. అప్పటి నుంచి ఆ కేంద్రానికి వచ్చి పాడినవాళ్లు, ఆడినవాళ్లు, వాయించినవాళ్లు ఎంతమంది! ఆ టేపుల్లో ప్రధాన కళాకారుల పేర్లు తెలుస్తాయి. వెనక తాళం వేసినవాళ్లు, వంత పాడినవాళ్లు, డోలు వాయించినవాళ్లు ఎవరు? వాళ్లను గుర్తుపట్టగల పెద్దలు తగ్గిపోతున్నారు. నాజర్ గారు 1997లో పోయారు. చిందు ఎల్లమ్మ గారు 2005లో, పేరిణికి మళ్లీ ప్రాణం పోసిన నటరాజ రామకృష్ణ గారు 2011లో, ఒగ్గు కథ చుక్క సత్తయ్య గారు 2017లో. వాళ్ల శిష్యులకు ఇప్పుడు అరవై, డెబ్భై. ఆ టేపు ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని వాళ్ల ఊరికి వెళ్లి, పక్కన కూర్చుని, ‘ఈ కుడివైపు నిలబడ్డది ఎవరు తాతా?’ అని అడిగి రాసుకొచ్చే పని ఒక అప్రెంటిస్ చేయగలడు. ఈ పని ఇంకో పదేళ్లకు ఎవరూ చేయలేరు.

ఆ తర్వాత ఫ్లోర్ మీదికి, ప్యానెల్ గదిలోకి, ఎడిటింగ్‌లోకి పంపండి. ఏడాది పూర్తయ్యేలోపు ఒక్కొక్కరి చేత పది నిమిషాల కార్యక్రమం ఒకటి వాళ్ల సొంత ఊరి కళ మీద తీయించి, ప్రసారం చేయండి. బాగా లేకపోతే రాత్రి పదకొండింటికి వేయండి, పర్వాలేదు. టైటిల్స్‌లో వాళ్ల పేరు ఉండాలి. నేను పనిచేసిన ఎపిసోడ్లలో నా పేరు లేదు. ఇంటర్న్‌ల పేర్లు వేసే అలవాటు లేదన్నారు. రేపు ఇంకో చోట ఉద్యోగానికి వెళ్తే నేను ఈ పని చేశానని చూపించుకోవడానికి నా దగ్గర ఉన్నది ఒక లెటర్‌హెడ్ మీది నాలుగు వాక్యాలు.

మీ కార్యాలయంలో వచ్చే అభ్యంతరాలు నేను ఊహించగలను. కేంద్రాల్లో ఏళ్ల తరబడి క్యాజువల్‌గా పనిచేస్తూ పర్మినెంట్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లున్నారు, ముందు వాళ్ల సంగతి తేల్చాలి కదా అంటారు. న్యాయమైన మాట. వాళ్ల డ్యూటీలు తీసి మాకివ్వద్దు. అప్రెంటిస్‌ను నేర్చుకునే మనిషిగానే లెక్కపెట్టండి, చవకగా దొరికిన కూలీగా వాడుకోకండి. నేర్పేవాళ్లలో ఆ క్యాజువల్ ఉద్యోగులు కూడా ఉంటారు కాబట్టి, నేర్పినందుకు వాళ్లకూ ఏదో కొంత ముట్టజెప్పండి. నాకు షటర్ స్పీడు నేర్పిన కెమెరామన్‌కు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. శిక్షణకు పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది కదా అనేవాళ్లూ ఉంటారు. ఉంది, గొప్ప సంస్థ. అక్కడికి వెళ్లగలిగిన తెలుగు పిల్లలు ఎందరు? వెళ్లినవాళ్లలో తిరిగొచ్చి ఒగ్గు కథ తీసేవాళ్లెందరు? వాళ్లను తప్పుపట్టడం లేదు, సినిమాకు వెళ్తారు, వెళ్లాలి. మాకు కావలసింది వేరే.

ఎంపిక విషయంలో ఒక విన్నపం. దయచేసి ఇంగ్లిష్‌లో జనరల్ నాలెడ్జ్ పరీక్ష పెట్టకండి. ఒక పాత టేపు వేసి, ఇది ఏ కళ, ఏ కథ, ఎవరు ఏం చేస్తున్నారు, కెమెరా ఎక్కడుంటే బాగుండేది అని తెలుగులో రాయమనండి. గంటలో తేలిపోతుంది. కళాకారుల కుటుంబాల నుంచి వచ్చినవాళ్లకు కొన్ని సీట్లు విడిగా ఉంచితే ఇంకా మంచిది.

విశ్వవిద్యాలయాల్లో ఆఖరి సెమిస్టర్ పరీక్షలు వేసవిలో అవుతాయి. పిల్లలు సర్టిఫికెట్లు చేతపట్టుకుని సెల్‌ఫోన్ షాపుల్లో చేరకముందే, ఈ ఏడాదే, రెండు కేంద్రాలకూ నోటిఫికేషన్ ఇప్పించండి. తెలుగులో ఇప్పించండి. స్టైపెండ్ ఎంతో, ఏ నెల ఏ తేదీకి పడుతుందో అందులోనే రాయించండి. నా వరకు నేను మళ్లీ ఇంటర్న్‌గా రావడానికి సిద్ధం. నరసరావుపేటలో ఉన్న నా స్నేహితురాలి చేత దరఖాస్తు చేయించే పూచీ నాది.

ఇట్లు,
జానపద కళల పట్టభద్రురాలు,
ధర్మవరం